అవ్వ గోలీలు

కరీంనగర్‌లో నాదొక చిన్న మెడికల్ షాపు. పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల లోతు, ఒక ఫ్రిజ్, ఒక ఫ్యాను. కరోనా మొదలైన రోజుల మాట వస్తే చాలు, "నీకేందన్నా, మెడికల్ షాపులోళ్లు మస్తు సంపాదించిన్రు" అంటారు. ముందు ఆ సంపాదన లెక్క చెప్పేస్తా, తర్వాత అసలు సంగతి.

2020 జనవరిలో మూడు పొరల మాస్కు నాకు రెండు రూపాయలకు పడేది. నెలకు యాభై పోతే గొప్ప. మార్చి 2న హైదరాబాద్‌లో తొలి కేసు బయటపడింది, దుబాయ్ వెళ్లొచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయికి. ఆ మర్నాటి నుంచి మాస్కు కంటికి కనపడలేదు. రెండు వారాలు తిరిగితే ఒక స్టాకిస్టు దగ్గర ఐదు వందలు దొరికాయి, ఒక్కోటి పద్నాలుగున్నర. బిల్లు అడిగితే నవ్వాడు. కచ్చా చిట్టీ మీద 7,250 అని రాసిచ్చాడు. నేను ఇరవైకి అమ్మడం మొదలుపెట్టాను. "ఇరవై" అనేటప్పుడు మనిషి మొహం చూడలేక అల్మారా వైపు తిరిగి చెప్పేవాణ్ని. 180 పోయాయి. ఇంతలో మార్చి 21న కేంద్రం ధర కట్టింది: మూడు పొరల మాస్కు పది రూపాయలు, 200 ఎం.ఎల్. శానిటైజర్ వంద. కచ్చా చిట్టీ చూపించి ఎవరిని అడుగుతాం? స్టాకిస్టు ఫోన్ ఎత్తడు. మిగిలిన 320 మాస్కులు పది చొప్పున ఇచ్చేశాను. కూడి తీసేస్తే 450 రూపాయలు నష్టం. ఇదీ నా మస్తు సంపాదన.

మా ఊరికి భయం అందరికన్నా ముందే వచ్చింది. ఇండోనేషియా నుంచి వచ్చి ఊళ్లో దిగిన ముస్లిం మత ప్రచారకుల బృందంలో పాజిటివ్‌లు తేలడంతో మార్చి మూడో వారంలోనే కలెక్టరేట్ చుట్టుపక్కల బారికేడ్లు పడ్డాయి. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి జ్వరముందా, దగ్గుందా అని రాసుకున్నాయి. దేశమంతా లాక్‌డౌన్ అంటే ఏంటో తెలియకముందే మాకు ముకరంపుర వైపు దారులు మూసుకుపోయాయి. మా గల్లీలో ఏళ్ల తరబడి తోపుడుబండి మీద గాజులు అమ్మే చాచా ఒకాయన ఉన్నాడు. ఆ వారం నుంచి ఆయన బండి దగ్గర ఒక్కరూ ఆగలేదు. బీపీ గోలీలకు వచ్చినప్పుడు నేను ఏమీ అనకముందే ఆయనే దూరంగా రోడ్డు అవతల నిలబడి చీటీ ఊపాడు. ఆయన ఎక్కడికీ వెళ్లలేదు, ఎవరినీ కలవలేదు. ఆ సంగతి నాకు తెలుసు, గల్లీకీ తెలుసు.

జనం ఏం కొన్నారో చెప్తే ఇప్పుడు నవ్వొస్తుంది. అసెంబ్లీలో ముఖ్యమంత్రి పారాసిటమాల్ పేరెత్తినప్పటి నుంచి "సీఎం చెప్పిన గోలీ" అని అడిగేవాళ్లు. విటమిన్-సి చప్పరించే గోలీలు రెండు రోజుల్లో అయిపోయాయి. థైరాయిడ్ మనుషులు మూడు నెలలకు సరిపడా డబ్బాలు పట్టుకుపోయారు. వెనకాల వచ్చినవాళ్లకు 100 ఎంసీజీ గోలీ దొరక్క 50వి రెండేసి వేసుకోమని చెప్పాల్సి వచ్చింది.

22న జనతా కర్ఫ్యూ. 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా బంద్. మర్నాడే ఉగాది. మా ఇంటామె మామిడికాయ దొరక్క చింతపండుతోనే పచ్చడి కానిచ్చింది. టీవీలో పంచాంగం చెప్తుంటే ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని మా అమ్మ చెవి రిక్కించి వింది. నేను మధ్యలో లేచి షాపుకు పోయాను. మెడికల్ షాపులకు మినహాయింపు ఉంది కదా. షట్టర్ ముందు సున్నంతో గుండ్రాలు గీశాను, ఒక్కోదానికి మధ్య మూడు అడుగులు. మూడో రోజుకి అవి తొక్కుడుకే చెరిగిపోయాయి. జనం మాత్రం గుండ్రం ఉన్నట్టే నిలబడేవాళ్లు.

నోట్లకు ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టాను. ఇచ్చేవాళ్లు అందులో వేయాలి, చిల్లర నేను అందులోనే వేయాలి. రాత్రి ఆ నోట్లన్నీ మేడ మీదికి తీసుకుపోయి పరిచి, పొద్దున ఎండ తగిలాక ఏరుకునేవాణ్ని. ఒకరోజు గాలికి ఐదు వందల నోటొకటి ఎగిరి పక్కింటి నీళ్ల ట్యాంకు వెనక పడింది. పక్కింటివాళ్లు కర్రతో నా వైపు తోశారు, చేత్తో ముట్టుకోలేదు.

ఆ రోజుల్లో అసలు కష్టం సరుకు కాదు, ప్రశ్నలు. చుట్టుపక్కల క్లినిక్‌లు దాదాపు అన్నీ మూశారు. సర్కారు దవాఖానకు పోవాలంటే జనానికి భయం. పోతే హైదరాబాద్ గాంధీ దవాఖానకు పంపిస్తారట, పంపితే మనిషి తిరిగి రాడట. తెరిచి ఉన్నది నా షాపు, అందులో తెల్ల చొక్కా వేసుకుని నేను. "తమ్మీ, గొంతు గరగర అంటుంది, అదేనా?" "అన్నా, పేపర్ ముట్టుకుంటే వస్తదా?" "పాల ప్యాకెట్ సర్ఫ్‌తో కడగాల్నా, ఉప్పు నీళ్లతోనా?" "మా బిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చింది, వేరే అర్రల పండబెట్టాల్నా?" నేను చదివింది డీ-ఫార్మసీ. ఈ జబ్బు గురించి పుస్తకంలో ఒక్క పేజీ లేదు. మొదట్లో జబ్బు లేనివాళ్లకు మాస్కు అక్కర్లేదన్నారు, నేనూ అదే చెప్పి పంపాను. ఏప్రిల్ 3న కేంద్ర ఆరోగ్య శాఖ బయటికి వస్తే ఇంట్లో కుట్టిన మాస్కయినా కట్టుకోమంది. నా మాట విని మాస్కు కొనకుండా పోయినాయన మర్నాడు దస్తీ కట్టుకొచ్చి, "నువ్వే గదా వద్దన్నవ్" అని నిలదీశాడు. ఏం చెప్పను? ఎండలు ముదిరితే పురుగు చస్తుందని కూడా అనుకున్నాం. కరీంనగర్ ఎండ కన్నా ముదురు ఎండ ఎక్కడుంది!

తెలియదు అనే మాట మెడికల్ షాపులో చెల్లదు. ఆ మాట ఒకసారి అంటే రెండోసారి ఆ మనిషి పక్క షాపుకు పోతాడు. అందుకే ఏదో ఒకటి చెప్పేవాణ్ని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

మానేరు డ్యామ్ వైపు బస్తీలో ఒక అవ్వ ఉంది. అరవై దాటాయి. నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. కీళ్లవాతం వచ్చి వేళ్లు పక్కకు వంగిపోయాయి. రోజూ రాత్రి హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 ఒకటి వేసుకోవాలి. హైదరాబాద్ డాక్టర్ రాసిన మందు, నాలుగేళ్లుగా నా దగ్గరే కొంటుంది. ప్రతి నెలా 27వ తారీఖుకు అటూ ఇటూగా కోడలు వచ్చి మూడు స్ట్రిప్పులు తీసుకుపోతుంది. ఆ గోలీ వాడేవాళ్లు నాకు మొత్తం ముగ్గురే. అందుకని ఎప్పుడూ ఏడెనిమిది స్ట్రిప్పులు మించి తెప్పించను. కంపెనీకీ స్టాకిస్టుకూ అదో మూలన పడి ఉండే సరుకు.

మార్చి 21న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఆ గోలీ గురించి ట్వీట్ చేశాడు. 23న మన దేశంలో వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్ కూడా, కరోనా రోగులను చూసే వైద్య సిబ్బందీ, పాజిటివ్ వచ్చినవాళ్ల ఇంట్లోవాళ్లూ ముందుజాగ్రత్తగా వేసుకోవచ్చని చెప్పింది. వాళ్లు మాత్రమే అని చెప్పింది. మా గల్లీ దాకా వచ్చేసరికి "కరోనాకు గోలీ దొరికింది" అయింది. ఆ రోజు నా దగ్గర ఎనిమిది స్ట్రిప్పులున్నాయి.

సోమవారం మధ్యాహ్నం మా షాపు ఓనర్ ఫోన్ చేశాడు. ఓనర్ అంటే మడిగె ఆయనది, నేను కిరాయికి ఉంటున్నాను. "ఆ గోలీలు నీ దగ్గర ఉన్నయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. ఆ ముక్క నోట్లోంచి జారకుండా ఉండాల్సింది. "ఇంట్ల నలుగురం ఉన్నం. నాలుగు పట్టీలు పంపు." డాక్టర్ చీటీ కావాలి కాకా అన్నాను. "ఏంది, నాకు చీటీనా?" అన్నాడు. అప్పటికి ఫిబ్రవరి కిరాయి సగం బాకీ. మార్చిది అసలే లేదు. నాలుగు పట్టీలు కవర్లో పెట్టి పనిపిల్లాడితో పంపాను.

సాయంత్రం ఒక డాక్టర్ గారి తాలూకు అని చెప్పి ఒకాయన రెండు తీసుకుపోయాడు. ఆయన దగ్గర చీటీ ఉంది, ఆ డాక్టర్ కళ్ల డాక్టర్. రాత్రి షట్టర్ సగం దించాక ముక్కూ మొహం తెలియని ఇంకొకాయన బండి ఆపి, మిగిలిన రెండింటికి ఐదు వందల నోటు చూపించాడు. ఎంఆర్‌పీ మాత్రమే తీసుకున్నాను. అది నా మంచితనం కాదు, మాస్కుల దెబ్బ తర్వాత వచ్చిన భయం. ఇచ్చేటప్పుడు అవ్వ గుర్తు రాలేదని చెప్తే అబద్ధం. వచ్చింది. నాలుగు రోజుల టైముంది కదా, స్టాక్ వస్తుందిలే అనుకున్నాను.

26న ఆ మందు అమ్మకానికి హెచ్-1 షెడ్యూల్ మందుల షరతులు పెట్టారు. అంటే చీటీ రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టర్లో రాయడానికి నా దగ్గర ఒక్క గోలీ లేదు.

27న కోడలు వచ్చింది. మూడు కిలోమీటర్లు నడిచి, పాత చీటీ పోలీసులకు చూపించుకుంటూ. ఆ రోజుల్లో పాత చీటీలు పాస్‌పోర్టుల్లా పనిచేశాయి. ఒకాయన 2017 నాటి దగ్గు మందు చీటీతో రోజూ చౌరస్తా దాటి, నా దగ్గర ఒక్క గ్యాస్ గోలీ కొని, అటు నుంచి పేకాటకు పోయేవాడు. ఈమెకు అలాంటి సరదాలేం లేవు. "స్టాక్ లేదమ్మా, రెండు రోజుల్లో వస్తది" అన్నాను. పోలేదు, అక్కడే గుండ్రంలో నిలబడి ఉంది. "మొన్న ఉండె గదన్నా?" అంది. పోయిన నెల వచ్చినప్పుడు అల్మారాలో చూసిందట. అయిపోయాయన్నాను. ఆ గోలీ ప్రభావం ఒంట్లో వారాల తరబడి ఉంటుంది, నాలుగు రోజులు ఆగినా ఏం కాదు అని చెప్పాను. అది నిజమే, పుస్తకంలో ఉన్న మాటే. కాకపోతే నేను చెప్పింది ఆమె కోసం కాదు.

రెండు రోజులు నాలుగయ్యాయి, నాలుగు పదయ్యాయి. స్టాకిస్టులు ముగ్గురూ లేదన్నారు. మందులకు పెట్టింది పేరైన హైదరాబాద్ పక్కనే ఉండి, మందు దొరకని ఊళ్లో కూర్చున్నాం. ఏప్రిల్ 7న ఆ గోలీలను అమెరికాకు పంపడానికి మన ప్రభుత్వం ఒప్పుకుందని టీవీలో గంట కొట్టి చెప్పారు. ఆ పూట కోడలు మూడోసారి వచ్చి వెళ్లింది. ఈసారి వీడియో చూపించింది. అవ్వ గ్లాసు పట్టుకోబోతుంటే వేళ్లు ముడుచుకోవడం లేదు. అరచేతుల మధ్య ఇరికించి, పిల్లలు పట్టుకున్నట్టు ఎత్తి తాగుతోంది. నేను ఫోన్ తిరిగి ఇవ్వడానికి డబ్బాలో పెట్టబోయాను. ఆమె చెయ్యి చాచింది. చేతికే ఇచ్చాను.

ఆ ఇంటి లెక్క నాకు తెలుసు, నా పుస్తకంలోనే ఉంటుంది కాబట్టి. కొడుకు షార్జాలో భవనాల పని. కంపెనీ బంద్ పెట్టింది. క్యాంపులో తిండి పెడుతున్నారు, జీతం లేదు, విమానాలు లేవు. కోడలు చుట్టే బీడీలకు ఆకూ తంబాకూ రావడం ఆగిపోయింది. మిగిలింది అవ్వకు వచ్చే 2,016 రూపాయల పింఛను, రేషన్ కార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, సర్కారు వేసిన 1,500. ఆ 1,500 తీసుకోవడానికి బ్యాంకు ముందు ఎండలో నిలబడి వచ్చిన రోజు కూడా నా షాపుకు వచ్చి, "గోలీలు వస్తే చెప్పన్నా, పైసలు ఉన్నయి" అంది. పైసలుంటే మందు లేదు.

నా లెక్క కూడా అంత బాగా ఏం లేదు. మార్చిలో ఎగబడి కొన్నవాళ్లు ఏప్రిల్‌లో రావడం మానేశారు. జనం ఇంట్లో కూర్చుంటే జలుబులు, విరేచనాలు తగ్గాయి. యాంటీబయాటిక్స్ కదల్లేదు. అంతకు ముందు నెల రోజుల అప్పు మీద సరుకిచ్చే స్టాకిస్టులు చేతిలో నగదు పెడితేనే పెట్టె దించుతామన్నారు. నా దగ్గర కొనేవాళ్లు మాత్రం ఉద్దెర రాయమన్నారు. మార్చి మొదట్లో 9,400 ఉన్న ఉద్దెర ఏప్రిల్ ఆఖరుకు 31,260 అయింది. ఆటోవాళ్లు, టైలర్లు, ప్రైవేట్ స్కూల్ టీచర్లు. ఒక టీచరమ్మ తన పేరు కాకుండా చెల్లెలి పేరు మీద రాయమంది.

బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, మూడు నెలలు ఈఎంఐ కట్టక్కర్లేదని. మా ఇంటామె సంబరపడింది. నేను కాగితం తీసి లెక్క వేశాను. మూడు లక్షల అసలు మీద 12 శాతం అంటే నెలకు మూడు వేలు. మూడు నెలలు ఆపితే తొమ్మిది వేలు నెత్తికెక్కి, దాని మీద మళ్లీ వడ్డీ. ఆపిందేమీ లేదు, జరిపారు. అయినా రెండు నెలలు ఆపాను. కట్టడానికి ఉంటే కదా.

ఏప్రిల్ మూడో వారంలో ఇంకో ఆర్డరు. జ్వరానికీ దగ్గుకూ మందు కొన్నవాళ్ల పేరూ, ఫోన్ నంబరూ రాసి ఇవ్వాలి. ఆ రోజు నుంచి కరీంనగర్‌లో ఎవరికీ జ్వరం లేదు. అందరికీ ఒళ్లు నొప్పులే. "మీ నంబర్ చెప్పండి" అంటే తొమ్మిది అంకెలు చెప్పి వెళ్లిపోయేవాళ్లు. మధ్యలో ఒక రాత్రి నాకే గొంతు మండింది. థర్మామీటర్ మూడుసార్లు పెట్టుకున్నాను, 99.2, 99, 99.2. నా షాపు మందు నేను కొనుక్కుంటే నా పేరు నేను రాసుకోవాలా అని ఆలోచిస్తూ మేడ మీద పడుకున్నాను. బ్లీచింగ్ పౌడర్ ఘాటు అని మర్నాడు తెలిసింది.

ఏప్రిల్ 22న జమ్మికుంటలో నాతో చదువుకున్నతని షాపులో ఒక్క పట్టీ దొరికింది. పాల వ్యానులో పంపాడు. అవ్వకు గోలీ ఆగి అప్పటికి 26 రోజులు. కోడలికి ఫోన్ చేస్తే గంటలో వచ్చింది. రిజిస్టర్లో మొదటి పేజీ, మొదటి వరస అవ్వ పేరు. పైసలు తీసుకోనన్నాను. "ఎందుకన్నా?" అంది. మాట రాక, ఉద్దెరలో రాసుకుంటాలే అన్నాను. రాయలేదు.

మే నెల నుంచి స్టాక్ మెల్లగా వచ్చింది. జూన్ 5న బ్రిటన్‌లో పెద్ద ఎత్తున చేసిన పరీక్షలో, ఆస్పత్రిలో చేరిన కరోనా రోగులకు ఆ గోలీ వల్ల లాభం లేదని తేల్చారు. ఓనర్ కూడా విన్నాడు. ఒక సాయంత్రం స్కూటర్ మీద వచ్చి నేను పంపిన కవరే కౌంటర్ మీద పెట్టాడు. నాలుగు పట్టీలూ ఉన్నాయి. ఒకదాంట్లో రెండు గోలీలు తక్కువ. "వేసుకుంటే గుండె దడ వచ్చింది, బంద్ చేసిన. ఇవి పనికి రావట గదా. పైసలు కిరాయిల పట్టుకో" అన్నాడు. ఆ మూడు నెలలూ ఆయన నన్ను కిరాయి గట్టిగా అడగలేదు. గోలీల మొహం చూసా, జాలితోనా, ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. వాపసు వచ్చిన మందు అమ్మకూడదు. కౌంటర్ కింది సొరుగులో వేశాను.

జూలైలో అవ్వే స్వయంగా వచ్చింది, కోడలి భుజం పట్టుకుని. ముక్కు కింద కొంగు చుట్టుకుంది. కొడుకు వచ్చే విమానానికి పేరు రాయించుకున్నాడని చెప్పింది. మూడు పట్టీలు రాసి ఇచ్చాను, కొత్త స్టాకులోంచి. కొంగు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది, కోడలు సాయం చేయబోతే వద్దంది. నోట్లు డబ్బాలో వేస్తూ అడిగింది:

"గప్పుడు నా గోలీలు ఎవలకు పోయినయి బిడ్డా?"

మోకాలికి సొరుగు తగులుతోంది.

"స్టాకే రాలేదవ్వా" అన్నాను.

"అట్లనా" అని, చిల్లర లెక్క పెట్టుకుని, మెట్టు దిగింది.